కలిసిన నాటి మాట



శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి ఎడబాటు కొత్తది కాదు. కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో ఓడలెక్కి రంగూన్‌కు కూలికి పోయిన తరాలు ఇక్కడివే. మన పెద్దలు ఆ ఊరిని ‘రంగం’ అనేవారు. 1941 డిసెంబరులో ఆ నగరంపై జపాను బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటుకుంటూ కాలినడకన స్వదేశానికి మరలారు. ఆ దారిలో విడిపోయి మళ్ళీ కలవని కుటుంబాలు ఎన్నో. నేడు రంగం స్థానంలో జిద్దా, రియాద్, దుబాయి, కువైట్ ఉన్నాయి. ఫోనులో బిడ్డ ముఖం కనిపిస్తుంది గాని, తల నిమరడానికి చేయి అందదు. అందుకే బిడ్డకు సెలవు దొరకనప్పుడు, ఉమ్రా సంకల్పంతో తల్లిదండ్రులే బయలుదేరుతున్నారు. మేమూ అలాగే బయలుదేరాము.

ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, అది మనిషికి తిండిని, నీటిని, నిద్రను దూరం చేస్తుందనీ దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఈ హదీసును ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధించాము. దాని అర్థాన్ని ఆ ఒక్కరోజులో శరీరంతో చదువుకున్నాము.

ఫజ్ర్ నమాజు చేసి ఇల్లు విడిచాము. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు రావలసిన రైలు వానల కారణంగా మూడున్నర గంటలు ఆలస్యమైంది. మేము విశాఖపట్నం చేరేసరికి హైదరాబాదు విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ టికెట్లు కొని సాయంత్రం విమానంలో శంషాబాదు చేరాము. పలాస జీడిపప్పు, ఆవకాయ పెట్టిన సంచి మాత్రం మాతో రాలేదు. జిద్దా విమానం కోసం పరుగున వెళితే, అది రెండు గంటలు ఆలస్యమన్నారు. ఊరి పొలిమేర దాటాము కనుక జుహ్ర్, అస్ర్, ఇషాలు రెండేసి రకాతులుగా, మగ్రిబ్ యథాప్రకారం మూడు రకాతులుగా చేసుకున్నాము. ఇహ్రామ్ వస్త్రాలు ధరించినా, నియ్యత్ మాత్రం విమానం గాలిలోకి లేచిన తరువాత, మీఖాత్ రాకముందే చేశాము. ఆలస్యాలు మామూలైన ఈ రోజులలో అందరికీ మా సలహా ఇదే. నియ్యత్ చేసి తల్బియా పలికిన క్షణం నుండే ఇహ్రామ్ నిషేధాలు మొదలవుతాయి.

ఆ దారి పొడవునా మా ఇల్లాలి మనసులో ఒక లెక్క నడుస్తూనే ఉంది. ఆరేళ్ళు అయింది. దాదీ జనాజాకు కూడా వాడు రాలేదు. చెల్లెలి నికాహ్ వాడు లేకుండానే జరిగింది. “ఈసారి వాణ్ణి అడగవలసినవన్నీ అడుగుతాను” అని రైలులో ఒకసారి, శంషాబాదులో ఒకసారి అన్నది. అలసట ఆ కోపానికి ఆజ్యం పోస్తున్నదని మాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు మాకు మరొక హదీసు గుర్తుకు వచ్చింది. మూడు దుఆలు నిస్సందేహంగా స్వీకరించబడతాయి. ఒకటి పీడితునిది, ఒకటి ప్రయాణికునిది, ఒకటి బిడ్డ విషయంలో తల్లిదండ్రులది. కొన్ని ఉల్లేఖనాలలో బిడ్డకు వ్యతిరేకంగా చేసిన దుఆ అని కూడా ఉన్నది. బిడ్డను చూడబోయే తల్లి ప్రయాణికురాలు, తల్లి కూడా. మూడింటిలో రెండు ఆ రోజు ఆమె నాలుకపైనే ఉన్నాయి. అటువంటి నాలుకను ఫిర్యాదులకు ఖర్చు చేయవచ్చునా? ఆమెతో ఈ మాటే అన్నాము. ఆమె బదులు పలకలేదు. తస్బీహ్ చేతిలోకి తీసుకున్నది.

జిద్దాలో బయటికి వచ్చేసరికి ఫజ్ర్ వేళ అయింది. రాత్రి డ్యూటీ ముగియగానే వచ్చి, పని దుస్తులలోనే నిలబడి ఉన్నాడు మా అబ్బాయి. వాడి చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. “అమ్మీ, దాదీ పోయినప్పుడు...” అని వాడే మొదలుపెట్టాడు. ఆమె వాడి నోటిపై చేయి ఉంచి, “ఏమైనా తిన్నావా బేటా?” అని అడిగింది.

పరదేశంలో కుటుంబం కలిసిన అత్యుత్తమ గాథ దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. పన్నెండవదైన సూరా యూసుఫ్‌లో 111 ఆయతులున్నాయి. బిడ్డ కోసం కుమిలిన హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు తెల్లబడ్డాయి. ఎన్నో ఏళ్ళకు ఈజిప్టులో అందరూ కలిసిన రోజున హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ముందుగా తల్లిదండ్రులను సింహాసనంపై కూర్చోబెట్టారు. తరువాత చెరసాల నుండి తనను విడిపించినందుకు, తన వారిని ఎడారి నుండి రప్పించినందుకు అల్లాహ్‌ను కొనియాడారు. చెరసాలను తలచిన ఆయన బావిని తలచలేదు. తనను బావిలో పడవేసిన అన్నలు అక్కడే ఉన్నారు. వారు సిగ్గుపడకూడదనే ఆ మాట విడిచిపెట్టారని వ్యాఖ్యాతలు వివరించారు. కలహాన్ని కూడా షైతాను రేపినదిగానే పేర్కొన్నారు.

సోదరులారా! విదేశాలలో ఉన్న బిడ్డలు ఈ సూరా నుండి ఒక అదబ్ నేర్చుకోవాలి. తల్లిదండ్రులు రాగానే దారి కష్టాలు అడగకండి. ముందు కూర్చోబెట్టండి, నీళ్ళివ్వండి, తినిపించండి, నిద్రపోనివ్వండి. తల్లిదండ్రులు కూడా ఒక అదబ్ నేర్చుకోవాలి. ప్రతి ఇంటికీ ఒక బావి ఉంటుంది. రాలేకపోయిన జనాజా కావచ్చు, పంపని సొమ్ము కావచ్చు, తగ్గిన ఫోన్లు కావచ్చు. అడగవలసినవి ఉంటే మరొక రోజు, మెత్తగా అడగవచ్చు. కలిసిన రోజున మాత్రం ఆ బావి మూత తీయకండి. పైగా ఉమ్రాకు వచ్చినవారు ఇహ్రామ్‌లో ఉంటారు. ఆ స్థితిలో వాదులాట అసలే తగదు.

ప్రయాణానికి ముందు ఒక జాగ్రత్త. రైలుకు, విమానానికి మధ్య వీలైతే ఒక రాత్రి వ్యవధి ఉంచుకోండి. మందులు, కాగితాలు, ఇహ్రామ్ చేతిసంచిలోనే పెట్టుకోండి. అలసట తగ్గితే నాలుకను కాపాడుకోవడం సులభమవుతుంది.

బిడ్డలకు దూరంగా ఉన్న తల్లిదండ్రులను, యాఖూబ్ (అలైహిస్సలాం)ను యూసుఫ్ (అలైహిస్సలాం)తో కలిపినట్లు అల్లాహ్ కలుపుగాక! ఈ లోకంలో కలవలేకపోయిన వారిని తన స్వర్గంలో కలుపుగాక! ఆమీన్.