ముప్పై అయిదులోపే గర్భసంచి ఎందుకు పోతోంది?

నెలసరి ఆరోగ్యం అనగానే ప్రభుత్వాలు శానిటరీ ప్యాడ్ల లెక్క చెబుతాయి. ఆ లెక్కలో తెలుగు రాష్ట్రాలు మెరుగ్గానే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల యువతుల్లో పరిశుభ్రమైన పద్ధతులు పాటిస్తున్నవారు తెలంగాణలో 92 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం. దేశ సగటు 77. ఆంధ్రప్రదేశ్ 2021లో ‘స్వేచ్ఛ’ పథకం కింద బడిపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ అదే సర్వేలో మరో అంకె ఉంది. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. అంతకు ముందు 2015-16 సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలదే పైచేయి.

దేశవ్యాప్తంగా ఈ వయసువారిలో ఆపరేషన్ చేయించుకున్న సగం మందికి అది 35 ఏళ్లలోపే జరిగిపోయింది. ఎందుకు చేయించుకున్నారని అడిగితే సగానికి పైగా చెప్పిన జవాబు నెలసరిలో అధిక రక్తస్రావం, నొప్పి. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మందులతో మొదలవ్వాల్సిన వైద్యం చాలామందికి నేరుగా కత్తితోనే మొదలవుతోంది.

నెలసరి చక్రం నడిచే తీరు తెలిస్తే ఇది ఎంత తొందరపాటో అర్థమవుతుంది. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తారు. అక్కడి నుంచి మళ్లీ నెలసరి వచ్చేదాకా 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతున్నా మామూలే. కచ్చితంగా 28 రోజులే ఉండాలన్న నియమం లేదు. మొదటి సగంలో ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలకు అడ్డుకట్ట వేసి, పొరను నిలకడగా ఉంచుతుంది. గర్భం రాకపోతే సుమారు రెండు వారాలకు ప్రొజెస్టిరాన్ పడిపోయి పొర ఊడి వస్తుంది. అదే నెలసరి. సాధారణంగా ఏడు రోజుల్లోపు ఆగిపోతుంది. పోయే రక్తం సగటున 30-40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికమే.

అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ తయారు కాదు. పొర అదుపు లేకుండా పెరిగి, రక్తస్రావం ఆలస్యంగా, ఎక్కువగా, ఎక్కువ రోజులు అవుతుంది. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లలో, మళ్లీ నలభైల్లో ఇది తరచుగా జరుగుతుంది. థైరాయిడ్ లోపం, పీసీఓడీ, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్స్, రక్తం గడ్డకట్టడంలో లోపం కూడా కారణాలు కావచ్చు. ఒక్కో కారణానికి ఒక్కో వైద్యం ఉంది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, హార్మోన్ మాత్రలు, ఐరన్‌తో చాలామంది కుదుటపడతారు. గర్భసంచిలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ సాధనం కొన్నేళ్లపాటు స్రావాన్ని బాగా తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో దానికీ చోటుంది. క్యాన్సర్, మందులకు లొంగని పెద్ద గడ్డలు, బాగా కిందికి జారిన గర్భసంచి వంటి స్థితుల్లో ఆపరేషన్ అవసరమే. ముట్లుడిగాక రక్తం కనబడితే పరీక్ష చేయించుకోవడంలో ఒక్కరోజు కూడా ఆలస్యం తగదు.

మరి మన దగ్గరే ఇంత ఎక్కువ ఎందుకు? 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. పాతికేళ్లకే పిల్లల ఆపరేషన్ అయిపోయాక గర్భసంచితో ఇక పనేముందన్న మాట ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ సులువుగా వస్తుంది. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము నొప్పన్నా ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అన్న భయం తోడవుతుంది. ముట్టు రోజుల్లో కూలి పోతుందన్న బెంగ మరొకటి. హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, చిన్న వయసులోనే గర్భసంచి పోయిన మహిళల గోడును ఏళ్ల కిందటే బయటపెట్టారు. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసినా, అప్పు చేసి ప్రైవేటుకు వెళ్లేవారిని అది ఆపలేకపోయింది.

ఈ ఆపరేషన్‌కు మూల్యం తర్వాత చెల్లించాలి. అండాశయాలు ఉంచినా ముట్లుడగడం ముందుకు జరగవచ్చు. అవి కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. కాయకష్టం మీద బతికే ఇంటికి ఇది చిన్న నష్టం కాదు.

2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పునిచ్చింది. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయి నుంచి పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. సమ్మతి లేకుండా, అవసరం లేకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలి. వ్యాజ్యంలో ప్రధానంగా ప్రస్తావించినవి బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ అయినా, ఆ ఆదేశాల అవసరం ఎక్కువున్నది మనకే.

కమిటీల కంటే ముందే జరగాల్సిన పని ఒకటుంది. 2019-21 సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ 57 శాతానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. వాళ్లకు ఐరన్ మాత్రలు అందుతున్నాయి గానీ, నెలనెలా ఎంత రక్తం పోతోందో అడిగేవారు అరుదు. ఎన్ని రోజులకోసారి వస్తోంది, ఎన్ని రోజులుంటోంది, గంట తిరక్కుండానే ప్యాడ్ తడిసిపోతోందా, రక్తపు గడ్డలు పడుతున్నాయా, రెండు నెలసరుల మధ్యలో రక్తం కనబడుతోందా? ఈ అయిదు ప్రశ్నలు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం అడిగి రాసుకుంటే చాలు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తెలుస్తుంది. ట్రానెక్సామిక్ యాసిడ్‌తో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. హార్మోన్ సాధనం జిల్లా ఆసుపత్రిలోనైనా ఉచితంగా అమర్చాలి. నలభై లోపు ఆపరేషన్‌కు ముందు ఏ మందులు ఎన్నాళ్లు వాడారో కేసు షీటులో రాయడం ప్రైవేటు ఆసుపత్రులకూ తప్పనిసరి కావాలి. తర్వాతి సర్వేల్లో ఈ రెండు రాష్ట్రాల గర్భసంచి ఆపరేషన్ల అంకె తగ్గిందా లేదా అన్నదే ఇక్కడ నెలసరి విధానానికి అసలు కొలమానం.