బాకీ ఎవరి పేరు మీద ఉంది?

మొన్న ఒక సాహిత్య మిత్రుడితో నాకు మాటామాటా వచ్చింది. ఐస్‌లాండ్ నవలల ఇంగ్లీషు అనువాదాలు కొన్ని ఆయనే నాకు చదవమని ఇచ్చారు. తిరిగి ఇవ్వబోతే, "చూశారా, ఆ దెయ్యాలన్నీ డెన్మార్కు పాలన మిగిల్చిన గాయాలే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. బి.కాం. చదివి బాంకులో చేరినవాణ్ణి, సిద్ధాంతాలు నాకు రావు. కాని బాకీ ఎవరి పేరు మీద ఉందో చూడటం నా వృత్తి.

డెన్మార్కు పద్దు చిన్నదని నేననను. 1602 నుండి 1787 దాకా ఆ దీవి వ్యాపారమంతా డెన్మార్కు రాజు అనుమతి పొందిన వర్తకుల గుత్తసొత్తు. చేపలు ఎవరికి అమ్మాలో, ధాన్యం ఎవరి దగ్గర కొనాలో ప్రజల చేతిలో లేదు. ఆ దశ చివర్లోనే, 1783లో, లాకి అగ్నిపర్వతం బద్దలై, పశువులు చచ్చి, కరువు వచ్చి, జనంలో సుమారు ఐదో వంతు పోయారు. అలాంటి నేల మీద చచ్చినవారు కథల్లోకి తిరిగి రావటంలో వింత లేదు.

అయితే ఈనాటి నవలలు ఎవరిని నిలదీస్తున్నాయి? స్యోన్ రాసిన 'స్కుగ్గా-బాల్దుర్' (2003) కథ డెన్మార్కు ఏలుబడిలోని 1883 నాటిది. అందులో నక్కను వేటాడే క్రూరుడు డేన్ కాదు, కన్నకూతుర్నే అమ్ముకున్న స్థానిక మతగురువు. ఇర్సా సిగుర్దార్దొత్తిర్ నవల 'నువ్వు నాకు గుర్తున్నావు' (2010) పాడుబడిన హెస్తేరి గ్రామంలో నడుస్తుంది. అక్కడ తిరిగేది ఒక పిల్లవాడి ప్రేతం. వాణ్ణి ఏడిపించినవాళ్ళు సొంత ఊరివాళ్ళే. 2008 అక్టోబరులో ఆ దేశపు మూడు పెద్ద బాంకులు కూలాక రెండేళ్ళకు వచ్చిన నవల ఇది. అప్పు ఎగ్గొట్టి తలుపు వేసుకుంటే చాలదని బాంకువాడికి వేరే చెప్పాలా?

అంద్రి స్నైర్ మాగ్నసోన్ 'లవ్‌స్టార్' (2002) నవలలో ఒక కంపెనీ చావును కూడా సరుకు చేసి అమ్ముతుంది. అదే రచయిత 2006లో 'కలల దేశం' అనే పుస్తకంలో కౌరాహ్న్యూకర్ ఆనకట్టను ఎదిరించాడు. 690 మెగావాట్ల కరెంటు కోసం, అదీ ఒక అమెరికన్ అల్యూమినియం కర్మాగారం కోసం, 57 చదరపు కిలోమీటర్ల ఎత్తునేలను ముంచింది రిపబ్లిక్ ఏర్పడిన 1944 తర్వాతి సొంత ప్రభుత్వమే. ఓక్ హిమానీనదం చచ్చిపోయిందని 2019లో పెట్టిన ఫలకం మీది మాటలూ ఆయనవే. ఆ మంచును కరిగించిన పొగలో లోకమందరికీ వాటా ఉంది.

అన్నింటినీ డెన్మార్కు ఖాతాలో రాసేస్తే ఈ బాకీదారులందరూ తప్పించుకుంటారు. నా అభ్యంతరం అదే.

ఇందులో నా స్వార్థమూ ఉంది. నాది బళ్ళారి. 1953లో మా ఊరు మైసూరు పాలైందని మనవాళ్ళు ఇంకా వాపోతూనే ఉన్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా మా ఇనుపకొండలను తవ్వినవారిలో తెలుగు మాట్లాడేవారు లేరా? సరిహద్దు గీత మీద పద్యాలు చాలా వచ్చాయి. ఆ కొండల దెయ్యం మన గుమ్మంలో నిలబడి మన పేరు పెట్టి పిలిచే కథ ఒక్కటీ నా కంటబడలేదు. ఎవరైనా రాయండి, మొదటి పాఠకుణ్ణి నేనవుతాను.