సున్న సంఖ్య కాదనువారికి

శూన్యమనగా లేమి. లేనిదానిని లెక్కించుట యెట్లు? లెక్కకు రానిది సంఖ్య యెట్లగును? ఈ వాదము ఇటీవల తర్కము చదివినవారి నోట తఱచుగా వినవచ్చుచున్నది. దీనిని తేలికగా కొట్టిపాఱవేయరాదు. ఇది పాశ్చాత్యుల నుండి తెచ్చుకొన్న సందేహము కాదు. మన దర్శనముల నుండియే పుట్టినది. కావున ముందు పూర్వపక్షమును దాని బలముతోనే చెప్పుచున్నాను.

వైశేషికమతమున సంఖ్య యొక గుణము. గుణము ద్రవ్యమును ఆశ్రయించియే యుండును. ఒక ఘటమునందు ఏకత్వమున్నది. రెండు ఘటములను చూచినపుడు "ఇది యొకటి, ఇది యొకటి" అను అపేక్షాబుద్ధి చేత ద్విత్వము పుట్టుచున్నది. ఘటమే లేనిచోట గుణమునకు ఆశ్రయము లేదు. కావున సున్న గుణము కాదు, గుణము కానిది సంఖ్య కాదు. అది అభావమను సప్తమపదార్థమున చేరిపోవును. వాదము ఇంతే. వినుటకు దృఢముగనే యున్నది.

కాని అభావమును గూర్చి తార్కికులే చెప్పు నియమమొకటి ఇచ్చట వారికే అడ్డుపడుచున్నది. ప్రతి అభావమునకు ఒక ప్రతియోగి యుండితీరవలెను. ఘటాభావము వేఱు, పటాభావము వేఱు. ప్రతియోగి మాఱినచో అభావము మాఱును. మఱి సున్న మాట యేమి? ఐదు కొబ్బరికాయలలో ఐదు అమ్ముడుపోగా మిగిలిన సున్నయు, మూడు రూపాయలలో మూడు ఖర్చుకాగా మిగిలిన సున్నయు భిన్నములా? అంబాజీపేట సంతలో ఏ కొబ్బరి వర్తకుడును ఆ రెంటికి భేదము చెప్పడు. అభావములు అనంతములు, సున్న యొక్కటియే. అట్టిచో సున్నయే అభావమనుట యెట్లు కుదురును? ఐదు కాయల ఐదును, ఐదు వ్రేళ్ల ఐదును ఒకటియే యైనట్లు, ఈ సున్నయు వస్తువును బట్టి మాఱనిది. ఈ లక్షణము సంఖ్యకు చెల్లునది కాని అభావమునకు చెల్లునది కాదు.

ఆ వర్తకుని పుస్తకమునే మఱికొంత చూడుడు. అందు ఖాతాయే లేనివాడొకడు, ఖాతా యుండి నిలువ సున్నగా నున్నవాడొకడు. మొదటివానిని గూర్చి పుస్తకము ఏమియు చెప్పుట లేదు. రెండవవాడు తెచ్చిన అప్పెంతయో తీర్చినదియు అంతే యని చెప్పుచున్నది. లేమికి, సున్నకు నడుమనున్న దూరము ఇదియే. "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అని పెదవి విఱుచుట లోకోక్తి మాత్రమే. లెక్క వ్రాయువాడు సున్నను వ్రాయును, విడిచిపెట్టడు. ధవళేశ్వరమున గోదావరి నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరిక. ఆ అడుగులు ఎక్కడినుండి కొలిచినవి? కొలతపలక మీది సున్న నుండి. ఆ సున్న యొక నియతస్థానమే కాని నీరు లేకపోవుట కాదు.

ఆశ్రయద్రవ్యము లేనిది సంఖ్య కాదనుచో, మన యజ్ఞవేదికి కూడ చిక్కు వచ్చును. కోనసీమలో మాబోటివారు పెక్కుమంది ఆపస్తంబసూత్రులము. ఆ శుల్బసూత్రమున చతురశ్రపు కర్ణమానము చెప్పబడినది: ఒకటికి మూడవ పాలు, దానిలో నాలుగవ పాలు కలిపి, ఆ చివరిదానిలో ముప్పదినాలుగవ పాలు తీసివేయవలెను. లెక్కగట్టిన 577/408 వచ్చును. ఈ విలువ ఏ ఘటములను చూచి పుట్టిన గుణము? అది పరిమాణమే కాని సంఖ్య కాదందురేమో. అటులైనచో అప్పును తెలుపు ఋణసంఖ్య యేమి కావలెను? ఋణములను, భిన్నములను, కరణులను కూడుచు తీసివేయుచు నున్న గణితశాస్త్రమునకు సంఖ్య కాక విషయమేమి? పదార్థవిభాగము చేయు శాస్త్రమునకు దాని ప్రయోజనము దానికున్నది. గణితమున ఏది సంఖ్యయో నిర్ణయించు అధికారము గణితాచార్యులది.

వారు నిర్ణయించినారు కూడ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతపు పదునెనిమిదవ అధ్యాయమున ధనమును, ఋణమును, శూన్యమును ఒకే వరుసన నిలిపి పరికర్మములు విధించెను. ధనమును దానికి సమానమైన ఋణముతో కూడిన శూన్యము వచ్చును. శూన్యమును కలిపినను తీసినను రాశి మాఱదు. శూన్యముచే గుణించిన శూన్యమే. స్థానమును నింపుటకు పెట్టిన చుక్కకు ఇట్టి విధులు అక్కఱలేదు. కూడికకు, తీసివేతకు, గుణకారమునకు లోబడి ఫలమునిచ్చుచున్నదానిని సంఖ్య యనక మఱేమనవలెను?

"మఱి సున్నతో భాగింపలేము గదా" అని యింకొక యాక్షేపము. నిజమే. సున్నను సున్నచే భాగించిన సున్నయని బ్రహ్మగుప్తుడనెను. సున్నచే భాగించినను రాశి మాఱదని సుమారు 850లో మహావీరాచార్యుడనెను. ఆయన గణితసారసంగ్రహమునే రాజరాజనరేంద్రుని కాలమువాడని చెప్పబడు పావులూరి మల్లన తెలుగుచేసి, మన గోదావరీమండలమునకు లెక్కల గ్రంథమొకటి యిచ్చెను. ఈ రెండు మాటలును నిలువలేదు. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు అట్టి రాశికి ఖహరమని పేరిడి, ఎంత కలిపినను తీసినను వికారము పొందని యనంతునితో పోల్చెను. అదియు నేటి గణితమున చెల్లదు. ఆచార్యులు తడబడిరని చెప్పుటకు నాకు సంకోచము లేదు. కాని వారు తడబడుటయే నా పక్షమునకు సాక్ష్యము. కుందేటికొమ్ముతో భాగించుట యెట్లని ఎవడును విచారింపలేదు. సంఖ్యయని నమ్మినందుననే శూన్యము విషయమున విచారించిరి. ఇక ఒక్క కర్మమున అనధికారము స్వరూపమును చెఱుపదు. బ్రహ్మచారికి అగ్నిహోత్రాధికారము లేదు. అంతమాత్రమున అతడు ద్విజుడు కాకపోవునా?

వేదమున సంఖ్యలు ఏకముతో మొదలగుచున్నవని, శూన్యము లేదని మఱికొందఱు. రుద్రాభిషేకము చేయు ప్రతివాడును చమకమున పదునొకండవ అనువాకమును పఠించుచున్నాడు. అందు ఒకటి నుండి ముప్పదిమూడు వఱకు బేసిసంఖ్యలు, పిమ్మట నాలుగు నుండి నలువదియెనిమిది వఱకు నాలుగేసి చొప్పున సంఖ్యలు వచ్చును. అందు రెండు లేదు. ఆఱు లేదు, పది లేదు. కావున రెండు సంఖ్య కాదందుమా? ఆ పరిగణనము కర్మమునకు వినియోగపడుటకే కాని సంఖ్యాలక్షణము చెప్పుటకు కాదు.

ఇచ్చట మన పక్షమువారమని చెప్పుకొనువారికి కూడ ఒక మాట. ఈశావాస్యోపనిషత్తు శాంతిమంత్రమున సున్న గణితమున్నదని సభలలో ఘోషించువారు వేదమునకు మేలు చేయుట లేదు. పూర్ణమునుండి పూర్ణము తీసిన పూర్ణమే మిగులునను మాట బ్రహ్మమును గూర్చినది. దానిని సున్న యందురు, మఱునాడు అనంతమందురు. రెండును కుదురునట్లుండుట చేతనే అది ఏ యొక్క సంఖ్యకును లక్షణము కాదని తెలియవలదా? మాధ్యమికుల శూన్యతను తెచ్చి అంకెల శూన్యమునకు అంటగట్టుటయు ఇట్టిదే. పేరు ఒక్కటైనంత మాత్రమున వస్తువు ఒక్కటి కాదు.

ఇది మాటల పందెమే యైనచో నేనింత వ్రాయనక్కఱలేదు. "సున్న లేమి, అది వేదాంతవిషయము" అని చెప్పి పాఠశాలలో పిల్లలకు గణితమును తప్పించుచున్నారు. ఫలితమేమనగా, సంకల్పమున సంవత్సరము పేరును గట్టిగా చెప్పు పురోహితునికి ఆ పేరు ఎట్లు వచ్చినదో తెలియదు. శాలివాహనశక గతాబ్దములకు 12 కలిపి 60చే భాగింపవలెను. 1947 అయినపుడు శేషము 39, అది విశ్వావసు. 1908 అయినపుడు శేషము సున్న. ఆ యేడు పేరు లేక పోయినదా? అది అక్షయ. ఆ లెక్కలో సున్నకు అఱువది యొక మాఱుపేరందురా, మంచిది, అహర్గణమునకు రండు. కల్యాది నుండి గడచిన దినములను ఏడుచే భాగించి శేషమును బట్టి వారము చెప్పుదుము. శేషము ఒకటి యైనచో శనివారము, రెండైనచో ఆదివారము. కలియుగపు మొదటి దినమున గడచిన దినములు సున్న, శేషమును సున్న. సున్న సంఖ్య కాదనువారు ఆ దినము ఏ వారమో చెప్పుదురు గాక. పంచాంగకర్తలు మాత్రము తడుముకొనక శుక్రవారమని వ్రాసిరి.