మస్టర్ పడని చదువు

దసరాకి ఇంటికి పోయినప్పుడు చిన్నాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడు జవాబు తెలియక "కనుక్కొని చెప్తా" అని తప్పించుకున్నా. ఈ వ్యాసం ఆ జవాబే. ఫోన్‌లో చెప్పేస్తే అయిపోయేది కదా అంటారేమో. కానీ హాస్టల్‌కి వచ్చాక ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఈ మాట అంటే, "మా ఇంటి పక్కన కూడా ఒకడు ఉన్నాడ్రా ఇలాగే" అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది గోదావరిఖని. చిన్నాయన సింగరేణిలో మైనింగ్ సర్దార్. ఆయన కూతురు, అంటే నాకు చెల్లె, మొన్న జూన్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరింది. పొద్దున ఐదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. మూడు నెలలకే నిద్ర పోయింది, తిండి పోయింది, ఫోన్ చేస్తే ఏడుపు తప్ప మాట లేదు. సెప్టెంబర్‌లో చిన్నమ్మ వెళ్లి పెట్టె సర్దించి తీసుకొచ్చేసింది. ఇప్పుడు ఇంట్లోనే చదువుకుంటోంది. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ రాస్తానంటోంది. జేఈఈ కూడా రాస్తానంటోంది.

చిన్నాయన ప్రశ్న ఇది: "ఇంట్ల కూసొని చదివినోళ్లకు ఐఐటీల, ఎన్ఐటీల సీటిస్తరార్రా? నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నవ్ గదా, నిజం చెప్పు."

ముందు కాగితాల సంగతి. ఇది నేను కూర్చొని చదివి తెలుసుకున్నది, నాకే ఆశ్చర్యం వేసింది.

జేఈఈ రాయడానికి కాలేజీకి పోయి ఉండాలని ఎక్కడా లేదు. గుర్తింపు ఉన్న బోర్డు నుంచి పన్నెండో తరగతి పరీక్ష రాసి ఉండాలి, అంతే. నేషనల్ ఓపెన్ స్కూల్, అంటే ఎన్ఐఓఎస్ నుంచి కనీసం ఐదు సబ్జెక్టులతో సీనియర్ సెకండరీ పాసైతే అది కూడా అర్హతే. ఇందులో ఒక మెలిక ఉంది. మన ఇంటర్ బోర్డు కాలేజీకి రాకుండా ప్రైవేటుగా పరీక్ష రాసుకోనిస్తుంది, కానీ ఆర్ట్స్ గ్రూపులకే. ఎంపీసీకి ఆ దారి లేదు, ప్రాక్టికల్స్ ఉంటాయి కాబట్టి. అందుకే ఇంట్లో ఎంపీసీ చదవాలంటే ఓపెన్ స్కూలే గతి.

ఎంసెట్ సంగతి ఇంకా బాగుంది. ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, మా ఊళ్లో ఇంకా ఎంసెటే. ఒకప్పుడు ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులకు ఉండేది. కరోనా టైమ్‌లో దాన్ని ఆపారు, 2023లో తెలంగాణలో పూర్తిగా తీసేశారు. ఇప్పుడు 160 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో నువ్వెంత రాస్తే అంత. ఇంటర్‌లో గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40.

మరి లోకల్ కోటా? 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. లోకల్ అని నిరూపించుకోవడానికి మనందరం స్టడీ సర్టిఫికెట్లు పట్టుకొని లైన్‌లో నిలబడ్డవాళ్లమే. బడికే పోనివాళ్లకి స్టడీ సర్టిఫికెట్ ఎక్కడి నుంచి వస్తుంది? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో దీనికి జవాబుంది. ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే ఎక్కడ నివసించారో అదే లోకల్ అని రాసిపెట్టారు. ఈ రోజుకీ కౌన్సెలింగ్‌కి తేవాల్సిన సర్టిఫికెట్ల జాబితాలో, ప్రైవేటుగా చదివినవాళ్లు నివాస ధ్రువీకరణ పత్రం తేవాలని ఒక లైన్ ఉంటుంది. మనం దాన్ని చూడకుండా దాటేసి ఉంటాం. మా చెల్లె లాంటి పిల్ల ఒకరోజు వస్తుందని యాభై ఏళ్ల కిందే ఎవరో ఆలోచించారు. నాకు అది చదివి కాసేపు సంతోషం వేసింది.

కాబట్టి చిన్నాయనా, గేటు తెరిచే ఉంది. కానీ గేటు తెరిచి ఉండటం వేరు, లోపలికి పోగలగడం వేరు.

2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైగా. అందులో రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం. ఐఐటీలన్నీ కలిపితే సీట్లు 18 వేల దాకా. ఆ పోటీలో కాలేజీలో ఉన్నా, కోచింగ్‌లో ఉన్నా, ఇంట్లో ఉన్నా ఎక్కువ మందికి సీటు రాదు. "ఇంట్లో చదివింది కాబట్టి రాలేదు" అని రేపు ఎవరైనా అంటే, రోజుకు పదహారు గంటలు కూర్చోబెట్టిన చోట ఎంతమందికి వచ్చిందో కూడా అడగాలి. హోర్డింగుల మీద వచ్చినవాళ్ల ఫోటోలే ఉంటాయి. రానివాళ్లకి హోర్డింగులు ఉండవు కదా.

సీటు దగ్గర ఇంకో లెక్క ఉంది, అది ఇంట్లో చదివేవాళ్లని ఎక్కువ దెబ్బకొడుతుంది. ఐఐటీ, ఎన్ఐటీలో చేరాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి, లేదా ఆ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం. ఈ 75 మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలదే కాదు, ఐదు సబ్జెక్టులది. అందులో ఒక భాష తప్పనిసరి. ఇంట్లో చదివే పిల్లలు ఆ మూడూ చదివి, మిగతా రెండూ పరీక్ష ముందు చూసుకుందాంలే అనుకుంటారు. తెలుగు బాగా చదివితే ఐఐటీ వస్తుందని నేను అనను (మన క్లబ్‌కి అంత అదృష్టం లేదు), కానీ భాషలో మార్కులు తగ్గితే వచ్చిన సీటు పోవచ్చు. ఇంకొకటి. అడ్వాన్స్‌డ్ రాయడానికి రెండే ఛాన్సులు, వరుసగా రెండేళ్లలో. పన్నెండో తరగతి మొదటిసారి రాసిన ఏడాది నుంచే ఆ గడియారం మొదలవుతుంది. ఓపెన్ స్కూల్‌లో ఎప్పుడైనా రాసుకోవచ్చు కదా అని తొందరపడి ముందే రాస్తే ఒక ఛాన్స్ ఊరికే పోతుంది.

అసలు పన్నెండో తరగతే లేకపోతే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. ముంబైకి చెందిన మాళవిక రాజ్ జోషి స్కూల్ మానేసి ఇంట్లో చదువుకుంది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కాబట్టి ఐఐటీకి అర్హత లేకపోయింది. 2016లో అమెరికాలో ఎంఐటీ సీటిచ్చింది. ఆ కథ వాట్సాప్‌లో చిన్నమ్మకి కూడా వచ్చింది, "చూడు, ఇంట్ల చదివి అమెరికా పోయింది" అని. నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి దగ్గర ఉన్నవి మూడు ఒలింపియాడ్ పతకాలు. మన దగ్గర అవి లేవు కాబట్టి మన సర్టిఫికెట్ మనం జాగ్రత్తగా తెచ్చుకోవాలి.

ఇప్పుడు నా అభిప్రాయం.

ఇదంతా చెప్పినా చిన్నాయనకి తృప్తి లేదని నాకు తెలుసు. ఆయన బాధ రూల్ గురించి కాదు. "బడికి పోని సదువు సదువేనా? మస్టర్ పడకుంటే పని చేసినట్టెట్లయితది?" అన్నాడు ఆ రోజు. బొగ్గు బాయిల్లో పనిచేసేవాళ్లకి మస్టర్ అంటే అన్నం. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు, పైన పనిచేస్తే 240 ఉంటేనే జీతంతో సెలవులకు అర్హత ఉండేది. హాజరు లేకపోతే మనిషే లేనట్టు. ముప్పై ఏళ్లు అలా బతికిన మనిషి కూతురు ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా ఇంట్లో ఉంటే భయపడడా?

కానీ నాకు ఒకటి అర్థం కాదు. మస్టర్ పడితే చదివినట్టేనా? ఒక కాలేజీలో అడ్మిషన్ ఉండి, ఏడాది పొడుగునా ఇంకోచోట కోచింగ్‌లో కూర్చునే పిల్లలు ఎంతమంది లేరు? 2024లో సీబీఎస్ఈ డమ్మీ విద్యార్థులను చేర్చుకున్న స్కూళ్ల గుర్తింపు రద్దు చేసింది కూడా. క్లాసు మొహం చూడకుండా హాజరు పడ్డ పిల్లాడు 'రెగ్యులర్'. నిజాయితీగా "నేను ఇంట్లో చదువుతున్నా" అని రాసిన మా చెల్లె 'ప్రైవేట్'. మన సంగతి మాత్రం ఏంటి? 75 శాతం అటెండెన్స్ కోసం చివరి బెంచీలో నిద్రపోయి, ఎగ్జామ్ ముందు రాత్రి యూట్యూబ్‌లో డేటా స్ట్రక్చర్స్ నేర్చుకున్నవాళ్లం కాదా మనం? ఆ లెక్కన నేను కూడా హోమ్‌స్కూలే, మస్టర్ ఉన్న హోమ్‌స్కూల్.

ఈ మాట చిన్నాయనతో కొంచెం ధైర్యం చేసి ఇంకోలా అన్నా. ఆయన డిపెండెంట్ ఉద్యోగంతో జనరల్ మజ్దూర్‌గా చేరినవాడు. షిఫ్ట్ అయిపోయాక ఇంట్లో చదువుకొని గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్, తర్వాత సర్దార్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. "మరి నువ్వు ఏ కాలేజీల చదివినవ్ చిన్నాయనా?" అని అడిగా.

ఆయన నవ్వలేదు. "నేను చదివింది ఇంట్ల గాదు బిడ్డా, బాయిల చదివిన" అన్నాడు. "దీపం వత్తి తగ్గించి మంట మీద నీలి టోపీ ఎంత ఎత్తు లేసిందో చూసి గ్యాస్ ఎంతుందో చెప్పాలె. అది బుక్కుల సూస్తే ఒస్తదా? నా ఎనుక నా సీనియర్ నిలవడి సూపిచ్చిండు."

ఇక్కడ నేను ఓడిపోయా, నిజంగా. నేను ఇచ్చిన ఉదాహరణతోనే ఆయన నా వాదనలో ఉన్న బొక్క చూపించాడు. ఆయన్ని సర్దార్‌ని చేసింది పుస్తకం ఒక్కటే కాదు. పక్కన నిలబడి చూపించిన మనిషి, చేతితో పట్టుకున్న దీపం. ఇంట్లో చదివే పిల్లకి లేనివి ఈ రెండే. మ్యాథ్స్ వీడియోలు ఫ్రీగా దొరుకుతాయి, టెస్ట్ సిరీస్ దొరుకుతుంది. వెర్నియర్ కాలిపర్ ఎవరిస్తారు? టైట్రేషన్‌లో రంగు మారే ఆ ఒక్క చుక్క ఎక్కడ చూస్తుంది? తప్పు చేసినప్పుడు "అట్ల కాదు, ఇట్ల" అని ఎవరంటారు? జేఈఈ ఇవేవీ చేతితో చేసి చూపించమని అడగకపోవచ్చు. కానీ ఇంజినీరింగ్ అడుగుతుంది, మొదటి సెమిస్టర్‌లోనే.

అందుకే నా జవాబు ఇలా తేలింది. ఇంట్లో చదవడం వల్ల అవకాశం పోదు. ఒంటరిగా చదవడం వల్ల పోతుంది.

అలాగైతే చేయాల్సింది పిల్లని మళ్లీ హాస్టల్‌లో పడేయడం కాదు, ఆ ఒంటరితనం తగ్గించడం. దానికి మా ఊళ్లో ఏం కావాలో నాకు కనబడుతూనే ఉంది. సింగరేణి సొసైటీ నడిపే హైస్కూళ్లు ఉన్నాయి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలు ఉన్నాయి, ల్యాబ్‌లు ఉన్నాయి. ఆదివారం అవన్నీ తాళం వేసే ఉంటాయి. నెలకి రెండు ఆదివారాలు ఓపెన్ స్కూల్ పిల్లలకి తెరిస్తే పోయేదేముంది? ఎన్టీపీసీ, ఆర్ఎఫ్‌సీఎల్, సింగరేణి అన్నీ ఒక్కచోట ఉన్న బెల్ట్ మాది. రిటైరైన ఇంజినీర్లు ఎంతమంది పొద్దున వాకింగ్ చేసి ఖాళీగా ఉంటారో! సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. అక్కడి స్టూడెంట్స్ ఒక గంట వచ్చినా చాలు.

వాళ్లు చేయాలని చెప్పి మనం ఊరుకుంటే బాగుండదు. మన క్లబ్‌లో నలభై మంది ఉన్నాం, అందరం రెండేళ్ల కిందటి దాకా ఇదే రాసినవాళ్లమే. ఆదివారం సాయంత్రం ఒక గంట ఆన్‌లైన్‌లో డౌట్స్ చెప్పొచ్చు, తెలుగులో. ఇది కూడా అనుకున్నంత ఈజీ కాదు. సెలవుల్లో చెల్లె "అన్నా, టార్క్ అంటే ఏంది?" అని అడిగితే ఇంగ్లీష్ డెఫినిషన్ గడగడా చెప్పేశా. దానికి అర్థం కాలేదు. తెలుగులో చెబుదామంటే నాకు నోరు రాలేదు, చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. సెకండ్ షిఫ్ట్‌కి పోవడానికి బూట్లు తొడుక్కుంటున్న చిన్నాయన అటు నుంచే అన్నాడు: "బోల్టు బిగుసుకపోతే పానాకు పైపు ఎందుకు తొడుగుతం? పొడుగు పెరిగితే తక్కువ బలంతోనే తిరుగుతది. గదే."

చెల్లె నోట్‌బుక్‌లో పానా బొమ్మ గీసుకుంది. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొని బండి స్టార్ట్ చేసుకొని పోయాడు. ఇంట్లో చదివే పిల్లకి తను ఇప్పుడే పాఠం చెప్పానని ఆయనకి తట్టలేదు.

చిన్నాయనా, నిజం చెప్పమన్నవ్ గదా. ఐఐటీ వస్తదని నేను చెప్పలేను, కాలేజీల ఉన్నా చెప్పలేకపోదును. కానీ రాసే హక్కు దానికి పూర్తిగా ఉంది. ఐదు సబ్జెక్టులు సమానంగా చదవమను. నివాసం సర్టిఫికెట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యి. ల్యాబ్ సంగతి నేను, నా ఫ్రెండ్స్ అడుగుతున్నం. ఆదివారం ఆరింటికి ఫోన్ చెల్లె చేతికియ్యి. ఇంక ఆ పానా పాఠం లాంటివి నీ దగ్గర ఎన్ని ఉన్నయో, అవన్నీ చెప్పు.

ఆదివారాలకి ఎవరెవరు వస్తారో పేర్లు ఇవ్వండి ఫ్రెండ్స్. మస్టర్ మాత్రం వేయం.