పాత కంప్యూటరుని పాత సామాన్లవాడికి ఇచ్చీకముందు ఒక మాట

పోస్టు కొంచెం పెద్దదే. నూర్పులు అయిపోయాయి. కోతకి ముందు జల్లిన మినుము మొలిచి ఆకులు వేసింది. ఈ నాలుగు రోజులూ చేతికి కాస్త ఖాళీ దొరికింది కాబట్టి రాస్తున్నాను. ఈసారి తెగులు గురించి కాదు, యూరియా గురించి కాదు. కంప్యూటరు గురించి. "రెండున్నర ఎకరాల రైతువి, నీకెందుకయ్యా ఆ గొడవ" అని నవ్వుతారని తెలుసు. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

మా ఇంట్లో ఉన్నది అసెంబుల్డ్ కంప్యూటరు. 2014లో మా అమ్మాయి చదువు కోసం కొన్నాం. ఒకే కంపెనీ డబ్బా కాదు. మదర్‌బోర్డు ఒకరిది, ర్యామ్ ఒకరిది, డబ్బా ఇంకొకరిది. మా మేనల్లుడు ముక్కలన్నీ కొని తెచ్చి, మా అరుగు మీద కూర్చుని బిగించాడు. ఐ3 నాలుగో తరం ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. అమ్మాయి చదువు అయిపోయింది, ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్ళిపోయింది. పెట్టె నాకు మిగిలింది. పొలం ఖర్చుల లెక్క, పాస్‌బుక్కు కాపీలు, బ్యాంకు కాయితాలు, ఈ పేజీలో రాసే పోస్టులు అన్నీ దాంట్లోనే.

ఇంకొకటి కూడా ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా. మా అత్తవారిది ఉద్దానం. కొబ్బరితోట మొత్తం నేలకొరిగిపోయింది. నష్టపరిహారం కోసం పడిపోయిన చెట్ల పక్కన మా మావగారిని నిలబెట్టి నేనే ఫోటోలు తీశాను. రెండేళ్ళకి ఆయన కాలం చేశారు. ఆయన తోటలో ఉన్న ఫోటోలు మా ఇంట్లో ఇంకెక్కడా లేవు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్తాను.

మొన్న 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ రక్షణ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే "ఈ కంప్యూటరు పనికిరాదు" అని తెర మీద వస్తోంది. ఒక షాపాయనకి చూపించాను. మూత కూడా విప్పలేదు. "ఇది పాతది బాబూ, తీసి అవతల పడీండి. 35 వేలు పెట్టుకోండి, కొత్తది ఇస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చి మేనల్లుడికి ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పాడు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట. ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచీ ఉండాలట. నాది నాలుగో తరం. అంతే తేడా. యంత్రం చెడిపోలేదు. ఫ్యాను తిరుగుతోంది, బోర్డు బాగుంది, తెర బాగుంది. నాగలి లాగుతున్న ఎద్దుకి పళ్ళు లెక్కపెట్టి, వయసైపోయింది, కబేళాకి తోలీమన్నట్టుంది ఈ వ్యవహారం.

పెట్టెని పొలం అనుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అందులో వేసే విత్తనం. ఒక కంపెనీ తన విత్తనం ఇకమీదట నా పొలానికి ఇవ్వను అంది. సరే, అది వాళ్ళ ఇష్టం. అంతమాత్రాన నేను పొలం బీడు పెట్టుకోవాలా? వేరే విత్తనం లేదేటి?

ఉంది. దాని పేరు లినక్స్. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు చదువుకుంటూ దాని గుండెకాయ లాంటి భాగం, కెర్నల్ అంటారు, రాసి అందరికీ ఇచ్చేశాడు. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని మొదలుపెట్టి ఉన్నాడు. ఈ రెండూ కలిశాక అది ప్రపంచమంతా పాకింది. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. అంటే మీరు ఇప్పటికే వాడుతున్నారు, పేరు తెలీదంతే.

స్టాల్‌మన్ పెట్టిన షరతులు నాలుగు. ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా ఉందో విప్పి చూడొచ్చు. పక్కవాడికి ఇవ్వొచ్చు. మార్చుకుని, మార్చినదాన్ని కూడా పంచొచ్చు. ఇది చదివినప్పుడు నాకు మన విత్తనాల చట్టమే గుర్తొచ్చింది. 2001లో వచ్చిన మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ఏం చెప్తోంది? రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. మన రాగోలు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఆర్‌జీఎల్ 2537, అదే శ్రీకాకుళం సన్నాలు, మీరు పక్క ఊరి బంధువు దగ్గర బస్తా పుచ్చుకుని వెయ్యలేదా? ఆయనకి ఇంకో రకం ఇవ్వలేదా? అప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు కదా. లినక్స్ కూడా అలాగే. ఈ సంగతి ఐటీ కుర్రాళ్ళ కంటే రైతుకే తొందరగా అర్థమవ్వాలని నా ఉద్దేశం.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నేను వాడింది దొంగ విండోస్. మొదట్లో నాకు తెలీదు. తెలిసాక కూడా "అందరూ అదే వాడతన్నారు కదా" అని ఊరుకున్నాను. క్రాక్ చేసిన విండోస్ అంటే ఏటంటే, బిల్లు లేకుండా రంగుల సంచీలో వచ్చే విత్తనం. ఎవరు నింపారో తెలీదు, లోపల ఏం కలిపారో తెలీదు. కల్తీ విత్తనం మీద రోడ్డెక్కి ధర్నా చేస్తాం, ఇంట్లో మాత్రం కల్తీ కంప్యూటరు పెట్టుకుని దాంట్లోనే బ్యాంకు పాస్‌వర్డు కొడతాం. ఆ దొంగతనం అవసరం లేకుండా న్యాయంగా ఊరికే దొరికే సరుకు ఉన్నప్పుడు, ఇంకా దొంగదాన్ని పట్టుకుని వేళ్ళాడడం తెలివితక్కువ పని. నన్ను నేను అనుకుంటున్న మాటే ఇది.

సరే, ఎలా వేశానో చెప్తాను. లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి, వరిలో రకాలున్నట్టే. ఉబుంటు అని, డెబియన్ అని, ఫెడోరా అని. పాత పెట్టెకి తేలికగా ఉంటుందని మేనల్లుడు లినక్స్ మింట్, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం చెప్పాడు. చూడ్డానికి పాత విండోస్ లాగే కింద పట్టీ, మూల బటను ఉంటాయి. ఫైలు సుమారు 3 జీబీ. ఫోన్ డేటాతో రాత్రి పెట్టేస్తే పొద్దుటికి దిగింది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవులో ఎక్కించాను. పెన్‌డ్రైవులో అంతకు ముందున్నవి చెరిగిపోతాయి, ఖాళీది వాడండి.

తర్వాత రోజు ఫోను స్పీకరులో పెట్టి కూర్చున్నాను.

"మావా, ముందు నీ ఫైళ్ళు వేరే చోట పెట్టినావా?"

"డీ డ్రైవులో ఉన్నాయి కదరా. సీ లోనే కదా కొత్తది వేస్తాం."

"ఓరి నాయనో! సీ, డీ రెండూ ఒకే డిస్కు మావా. అది ఒకే ఇంట్లో రెండు గదులు. ఇల్లంతా కాలిపోతే పెరటి గది మిగులుతాదేటి? ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్కు మొత్తం చెరిపీమంటావా అని అడుగుతాది. ఊ అన్నావంటే అన్నీ పోతాయి."

నాకు చెమట పట్టింది. మావగారి ఫోటోలు అందులోనే ఉన్నాయి. నేను ఒక్కడినే కూర్చుని ఉంటే ఊ అని నొక్కీసి ఉందును. అక్కడితో ఆపేసి, ఎక్స్‌టర్నల్ డిస్కు అడిగి తెచ్చి అన్నీ కాపీ చేశాను. అమ్మాయికి కూడా ఫోటోలు పంపాను. ఆ రోజుకి అంతే పని.

అసెంబుల్డ్ కంప్యూటరుకి ఉన్న గొప్ప సౌకర్యం మర్నాడు తెలిసింది. 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, వాడిన 4 జీబీ ర్యామ్ ముక్క ఒకటి కొన్నాను. రెండూ కలిపి 2,300 రూపాయలు అయ్యాయి. కరెంటు పూర్తిగా తీసేసి పక్క మూత విప్పి, పాత డిస్కు వైర్లు పీకేశాను. కొత్త ఎస్ఎస్‌డీ బిగించాను. ఇప్పుడు ఇన్‌స్టాలరు ఏం చెరిపినా కొత్త ఖాళీ డిస్కే చెరుగుతుంది. పాతది వైరు లేకుండా పక్కన పడుకుని ఉంది. భయం ఉన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. మోటారు స్టార్టరు విప్పినవాడికి ఇదో లెక్క కాదు.

ఆన్ చెయ్యగానే ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవు ఎంచుకున్నాను. కొన్ని బోర్డులకి ఎఫ్11, ఎఫ్8 ఉంటాయి. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవు నుంచే మొత్తం నడుస్తుంది. డిస్కుని ముట్టుకోదు. బస్తా కొనేముందు నాలుగు గింజలు తడిగుడ్డలో మొలకకట్టి చూసినట్టు, శబ్దం వస్తోందా, ప్రింటరు పలుకుతోందా, తెలుగు కనిపిస్తోందా అన్నీ చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవు పీకేసి మామూలుగా ఆన్ చేసుకోవడమే. నాది చూసుకున్నాక ఇన్‌స్టాల్ నొక్కాను. టీ తాగి, గేదెకి గడ్డి వేసి వచ్చేసరికి అయిపోయింది.

అన్నీ సవ్యంగా జరగలేదు. నా పాత వైఫై పుల్లని అది గుర్తుపట్టలేదు. ఫోనుకి యూఎస్‌బీ వైరు పెట్టి నెట్ ఇచ్చి నడిపిస్తున్నాను. తెలుగు కీబోర్డు అమర్చుకోడానికి ఒక పూట పట్టింది. ఇప్పుడు ఫైర్‌ఫాక్సులో ఈ పోస్టు, లిబ్రెఆఫీసులో పొలం లెక్కలు. ఆన్ అవ్వడానికి ఇదివరకు నాలుగైదు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషం లోపే. అందులో ఎస్ఎస్‌డీ గొప్ప చాలా ఉంది, మొత్తం లినక్స్ గొప్పే అని చెప్పను.

ఎవరు వెయ్యకూడదో కూడా చెప్పాలి. డీటీపీ చేసుకుని బతికేవాళ్ళు, అను ఫాంట్లతో పెళ్ళికార్డులు, కరపత్రాలు కొట్టేవాళ్ళు తొందరపడకండి. ఆ సాఫ్ట్‌వేరు విండోస్ కోసం చేసింది. అలాగే వేలిముద్ర మిషను పెట్టుకుని సేవా కేంద్రం నడిపేవాళ్ళు, ఆడిటరు గారిచ్చిన డిజిటల్ సంతకం టోకెను వాడేవాళ్ళు ముందు బాగా కనుక్కోండి. కూడు పెట్టే మిషను మీద ప్రయోగాలు వద్దు. వాళ్ళకి మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10కి రక్షణ అప్‌డేట్లు వస్తాయి. ఈలోపు ఆలోచించుకోవచ్చు. కానీ మనలో ఎక్కువమంది చేసేదేటి? యూట్యూబు, మెయిలు, ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు. వీటికి 35 వేలు ఎందుకు?

"ఊరికే వచ్చిందానికి విలువుండదు" అంటాడు మా వీధిలో ఒకాయన. కేరళ ప్రభుత్వ బళ్ళలో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. లైసెన్సుల ఖర్చు 3,000 కోట్ల రూపాయలు మిగిలిందని 2019లో వాళ్ళు లెక్క చెప్పారు. మనవాళ్ళు ఏమీ తక్కువ తినలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌నే తయారుచేసింది. మనకి లేనిది సరుకు కాదు, అడిగే అలవాటు.

అందుకే నా మాట ఇది. మీ ఊరి బడిలో, పంచాయతీ ఆఫీసులో, మీ అటక మీద 2012 నాటివో 2015 నాటివో పెట్టెలు దుమ్ము కొట్టుకుని ఉంటాయి. వాటిని కిలోల లెక్కన తూచి ఇచ్చీకముందు ఒకసారి పెన్‌డ్రైవు పెట్టి చూడండి. పది పెట్టెల్లో నాలుగు లేచినా నలుగురు పిల్లలు టైపింగ్ నేర్చుకుంటారు. లేవనివి అప్పుడు తూకానికి వెయ్యండి, నేను కాదనను. కొన్నవాడు మనం అయితే, ఎప్పుడు పారెయ్యాలో చెప్పేది కూడా మనమే అవ్వాలి.

పెన్‌డ్రైవు మా ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఉంది. నరసన్నపేట చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా రండి, కాపీ చేసి ఇస్తాను, డబ్బులు అక్కర్లేదు. మీది పని చేశాక ఇంకొకరికి చేసి ఇవ్వండి, చాలు. కానీ వచ్చేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటోలు ఏ డిస్కులో ఉన్నాయో చూసుకుని, ఇంకో రెండు చోట్ల దాచుకుని మరీ రండి. ఆ పని అయిందని చెప్తేనే ఇస్తాను.