ఆగస్టు పుట

పత్రికలో 'ఈ నెలలో' అనే శీర్షికను మించిన సులువైన పని లేదు. పుట్టిన తేదీ, పోయిన తేదీ, పక్కన తపాలా బిళ్లంత ఫొటో. నాలుగు వాక్యాల్లో ఒక మనిషి అయిపోతాడు. పాఠకులకూ ఇష్టమే. తమ ఊరివాడి పేరు కనిపిస్తే కత్తిరించి దాచుకునేవాళ్లున్నారు. ఈసారి ఆ పుటను తెనాలి, బాపట్ల, రేపల్లెల వరకే కుదించి తేదీలు ఏరడం మొదలుపెట్టాం. పని అంత సులువుగా తెమల్లేదు.

ఈ మూడూళ్లకూ తలా ఒక నెల ఉంది. బాపట్లది మే. 1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ అక్కడే జరిగింది. అధ్యక్షుడు బి.ఎన్. శర్మ. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అన్న చర్చ సభలో వాడిగా సాగింది గానీ అక్కడ తేలలేదు. తీర్మానం మరుసటి ఏడు బెజవాడలో అయింది. రేపల్లెది నవంబరు. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన. పది వేల మందికి పైగా పోయారు. దివిసీమ ఉప్పెన అనే పేరు స్థిరపడటంతో కృష్ణకు ఇవతలి ఒడ్డున, రేపల్లె, బాపట్ల తీరాల్లో పోయినవాళ్లు ఆ పేరులోంచి కొంచెం పక్కకు జరిగిపోయారు. తెనాలిది మాత్రం ఆగస్టు. పైగా ఒక తేదీతో తీరేది కాదు.

అయిదో తేదీ చక్రపాణి జయంతి. 1908లో తెనాలి ఐతానగర్‌లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలల్ని తెలుగింటి మనుషుల మాటల్లోకి దించినవాడు. తర్వాత నాగిరెడ్డితో కలిసి 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ. అంతకు ముందే, 1947 జులైలో, 'చందమామ'. పదిహేడో తేదీ కొడవటిగంటి కుటుంబరావు వర్ధంతి. ఆయనా తెనాలివాడే, చక్రపాణికి ఏడాది చిన్న. 1980లో పోయారు.

పుటలో ఈ ఇద్దరికీ రెండు వేర్వేరు పెట్టెలు గీస్తాం. కాని ఇద్దర్నీ కలిపి చెప్పుకోవాల్సిన సంగతి ఆ పెట్టెల మధ్య ఖాళీలో ఉండిపోతుంది. 1952 నుంచి చివరిదాకా, ఇరవై ఎనిమిదేళ్లు, చందమామ తెలుగును దిద్దింది కుటుంబరావు. సంపాదకుడిగా అచ్చయిన పేరు చక్రపాణిది. తెలుగు పిల్లలు రెండు తరాల పాటు ఎవరి వాక్యం చదివి వాక్యం రాయడం నేర్చుకున్నారో వాళ్లకు తెలియదు. ఎక్కడా మెలిక పడని, విశేషణాల బరువు లేని, అమ్మమ్మ చెప్పినట్టే ఉండి అమ్మమ్మ కంటే పొదుపుగా ఉండే ఆ వాక్యం ఏ తేదీన పుట్టిందని రాయాలి? 'చదువు' నవల రాసినవాడు బడిపిల్లల వచనం మీద అంతకాలం కూర్చోవడం మామూలు విషయం కాదు. జయంతి వ్యాసాల్లో మాత్రం ఆ పనికి ఒక ముక్తాయింపు వాక్యం దొరికితే గొప్ప.

ఇక పన్నెండో తేదీ. ఇది ఊరంతటికీ తెలిసిన తేదీ. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం, తెల్లారేసరికి నాయకుల అరెస్టులు. ఆంధ్రలో అంతకు ముందే, జులై చివర్లో, కాంగ్రెస్ నాయకుడు కళా వెంకటరావు రాసిన సర్క్యులర్ ఒకటి జిల్లాలకు చేరింది. టెలిగ్రాఫ్ తీగలు తెంపడం దాకా అందులో ఉంది. కాంగ్రెస్ మీద నేరం మోపడానికి ప్రభుత్వం మరుసటి ఏడాది వేసిన పుస్తకంలో ఆ కాగితాన్నే సాక్ష్యంగా చూపించింది. పన్నెండున, బుధవారం, తెనాలిలో జనం రైల్వే స్టేషన్‌కు నిప్పుపెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. తర్వాత ఊరి మీద ఉమ్మడి జరిమానా పడింది. ఆ చోటే రణరంగ చౌక్. స్మారక స్తూపాలున్నాయి, ఏటా పూలదండలు పడతాయి, నాయకులు వస్తారు, మర్నాటి జిల్లా ఎడిషన్లో ఫొటో వస్తుంది. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. ప్రాణాలిచ్చిన వాళ్లకు ఊరు ఆమాత్రం చెయ్యాలి.

అయితే ఆరో తేదీ ఉంది. 1991 ఆగస్టు 6, మంగళవారం. తెనాలి నుంచి బాపట్ల వైపు అదే రైలుమార్గంలో చుండూరు.

జులై 4న సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే మొదలు. తర్వాత తగాదా, ఆ తర్వాత దళితవాడకు సాంఘిక బహిష్కరణ: పొలం పనులు బంద్. 144వ సెక్షన్ పెట్టారు, పోలీసులు ఊళ్లోనే మకాం వేశారు. ఆ పోలీసులుండగానే ఆరో తేదీన దళితుల మీద దాడి జరిగింది. పొలాల్లోకి పరుగెత్తిన వాళ్లను వెంటాడి చంపారు. ఎనిమిది మంది. శవాలను గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. బతికినవాళ్లు తెనాలి చేరి తలదాచుకున్నారు. చనిపోయిన వాళ్లను ఊరి మధ్యనే పూడ్చి, ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. ఏటా ఆరున అక్కడా దండలు పడతాయి. వేసేవాళ్లు వేరు.

తేదీల జాబితాల్లో ఆరు కనబడదు. కనబడినా హిరోషిమా కోసం కనబడుతుంది. మరిచిపోయారని అనలేం, అందరికీ గుర్తే. తెనాలి బస్టాండులో ఎవర్నడిగినా గొంతు తగ్గించి చెప్తారు. గొంతు తగ్గించి చెప్పుకునే తేదీకి పెట్టె ఎలా గీస్తామన్నదే జాబితా వేసేవాడి ఇబ్బంది. పన్నెండులో చంపినవాడు తెల్లదొర పోలీసు, సముద్రం దాటి పోయాడు. ఆరులో అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇవాళ్టికీ ఒకే పంచాయతీలో ఓటేస్తారు.

మరో చిక్కు కూడా ఉంది. చుండూరు ఆగస్టులో ఇమడదు. మొదలు జులై 4. దళితుల కోరిక మీద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. అలా నేరం జరిగిన ఊరికే కోర్టును రప్పించుకోవడం చిన్న గెలుపు కాదు. న్యాయవాది బొజ్జా తారకం, స్పెషల్ ప్రాసిక్యూటర్ బి. చంద్రశేఖర్ ఏళ్ల తరబడి ఆ కేసును మోశారు. తీర్పు వచ్చింది 2007 జులై 31న: ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్ఫై అయిదుగురికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఈ వరసను నెలవారీ పుటల్లో పరిస్తే ఒక ముక్క జులై సంచికలోకి, ఒకటి ఆగస్టులోకి, ఒకటి ఏప్రిల్‌లోకి పోతుంది. ఏ సంచిక పాఠకుడికీ కథ మొత్తం చేతికి రాదు. కారంచేడుదీ అదే గతి. అక్కడ దళితుల మీద దాడి జరిగింది 1985 జులై 17న కాబట్టి మన ఆగస్టు పుటకు అసలు అందనే అందదు. చుండూరును కారంచేడు లేకుండా చెప్పబోతే ఏం చెప్పినట్టు? 1990ల దళిత కవిత్వం ఆ రెండు ఊళ్ల పేర్లూ ఒకే ఊపిరిలో పలికింది. సాహిత్య పత్రిక క్యాలెండరుకు ఆమాత్రం పట్టింపు ఉండొద్దా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, చుండూరు బాపట్ల జిల్లాకు పోయింది. ఇప్పుడు పన్నెండో తేదీ వార్త ఒక ఎడిషన్‌కు, ఆరో తేదీ వార్త, వస్తే గిస్తే, ఇంకో ఎడిషన్‌కు. తెనాలివాళ్లకు చుండూరు గురించి పేపర్లో చదవాల్సిన అవసరం కూడా తప్పిపోయింది.

అందుకని ఈ సంచిక నుంచి ఆ శీర్షిక తీరు మారుస్తున్నాం. తేదీలు తగ్గిస్తాం. నెలకు మూడో నాలుగో, అంతకు మించి వేయం. వేసిన ప్రతి తేదీకీ ముందూ వెనకా ఏం జరిగిందో, అది వేరే నెలలో పడ్డా సరే, అక్కడే రాస్తాం. లోపలి పుటల్లో చూడండి: ఆరు, పన్నెండు పక్కపక్కనే ఉన్నాయి, చక్రపాణి, కుటుంబరావు ఒకే వ్యాసంలో ఉన్నారు. నవంబరు సంచిక ఉప్పెన మీద. నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల తీరాల్లో ఆ రాత్రి గడిపినవాళ్లు, పాతికేళ్ల వయసులో చూసినవాళ్లకు ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి, వాళ్ల మాటల్లోనే కావాలి. రాయలేని పెద్దవాళ్లుంటే పిల్లలు పక్కన కూర్చుని రాసి పంపినా సరే. భాష దిద్దం. సెప్టెంబరు నెలాఖరుకు మాకు అందాలి.