పొయ్యి ఇచ్చారు, అలకడం నేర్పలేదు

మా అమ్మ తరం ఆడవారికి పొద్దున లేవగానే మొదటి పని పొయ్యి అలకడం. రాత్రి బూడిద ఎత్తి, పగుళ్ళు పడినచోట ఎర్రమట్టి మెత్తి, పేడనీళ్ళతో అలికి, అంచున సన్నని ముగ్గుగీత పెట్టిన తరువాతే నిప్పు రాజేసేవారు. చిన్నప్పుడు అదంతా ఆచారమనుకొన్నాను. ఇప్పుడాలోచిస్తే అది యంత్రానికి చేసే సేవ వంటిదే. బూడిద పేరుకొంటే గాలి ఆడదు, గాలి ఆడకపోతే మంటకు బదులు పొగ వస్తుంది. ఈ శాస్త్రం తల్లి నుండి కూతురికి మాటల్లో కాక చేతుల్లో అందింది.

కందికట్టె, కంపకట్టె, శెనక్కాయ పొట్టు మండిన ఆ పొయ్యి స్థానంలో గ్యాసు పొయ్యి వచ్చింది. కానీ దాన్ని అలికే విద్య దాని వెంట రాలేదు. నా ఫిర్యాదు ఇదొక్కటే.

ఈమధ్య కళ్యాణదుర్గం దగ్గరి మా ఊరికి వెళ్ళాను. అమ్మ పొయ్యి మీద మంట పచ్చగా, నాలుకలు చాస్తూ మండుతోంది. గిన్నెల అడుగులు మసి. “గ్యాసులో ఏందో కల్తీ చేస్తాండారు నాయనా” అంది. ఇరుగుపొరుగు వారిదీ అదే తీర్పు. బర్నరు ఎత్తి చూశాను. సగం రంధ్రాలు తెల్లని పెచ్చుకట్టి మూసుకుపోయి ఉన్నాయి. కల్తీ గ్యాసులో లేదు, మా బోరునీటిలో ఉంది. సంగటికి పెట్టిన ఎసరు పొంగినప్పుడల్లా ఆ ఉప్పునీరు బర్నరు మీద ఎండి, నీరు పోయి ఉప్పు మిగులుతుంది. దానికి రాగిపిండి జత. ఆపైన ఆషాఢపు గాలి మోసుకొచ్చే దుమ్ము. కరువు సీమలో గ్యాసు పొయ్యికీ కష్టాలు తప్పవు.

నాజిల్ నుండి వేగంగా వచ్చే గ్యాసు, పక్కనున్న సందులోనుండి గాలిని తనతో లాక్కొని బర్నరులోకి పోతుంది. గాలి సరిపడా కలిస్తే నీలిమంట. ఆ దారిలో దుమ్మో సాలెగూడో అడ్డుపడితే పచ్చమంట, మసి, వాటితోబాటు కంటికి కనపడని, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడు. కట్టెల పొగ నుండి తప్పించడానికి వచ్చిన పొయ్యి, శుభ్రం చేయకపోతే మళ్ళీ అక్కడికే చేరుస్తుందన్నమాట.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. రెగ్యులేటరు కట్టేసి, పొయ్యి చల్లారాక ఇత్తడి బర్నర్లు తీసి, చింతపండు పిసికిన వేడినీళ్ళలో ఒక గంట నానబెట్టాలి. పులుపుకు పెచ్చు వదులవుతుంది. రంధ్రాలను పిన్నుతో పొడవాలి. అగ్గిపుల్ల అయితే లోపలే విరుగుతుంది. నాజిల్ జోలికి మాత్రం సూదితో పోరాదు. ఆ రంధ్రం కొలత పెట్టి చేసినది, పెద్దదయితే మంట అదుపు తప్పుతుంది. కడిగినవాటిని బోర్లించి, తడి పూర్తిగా ఆరిన తరువాతే అమర్చాలి.

నన్ను నిజంగా భయపెట్టింది బర్నరు కాదు, వెనకనున్న గొట్టం. పొయ్యి అంచు వేడి తగిలి పగుళ్ళు పడి ఉంది. సురక్షా ట్యూబు ఆయువు 5 సంవత్సరాలు, ఆ గడువు దానిమీదే అచ్చయి ఉంటుంది. మా ఇంటిది ఎప్పుడో దాటిపోయింది. ఇన్ని బండలు దించినవారెవరూ దానివైపు చూడలేదు. సెలవుల్లో వచ్చిపోయే కొడుకునైన నేనూ చూడలేదు. లీకును వెదకడానికి అగ్గిపుల్ల గీయరాదనీ, సబ్బునురగ పూస్తే బుడగలు చెబుతాయనీ, వాసన వస్తే స్విచ్చులు తాకకుండా తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోను చేయాలనీ అమ్మకు ఆ రోజే మొదటిసారి చెప్పాను. ఇన్నేళ్ళు వండిన తరువాత!

1999లో దీపం పథకం డ్వాక్రా మహిళలకు గ్యాసు తెచ్చింది. 2016లో ఉజ్జ్వల వచ్చింది. 2024 నుండి మన రాష్ట్రంలో ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు. వీటిని నేను తక్కువ చేయను. పొగకు ఏడ్చిన కళ్ళను చూసిన వాడెవడూ చేయలేడు. కానీ లెక్కలు కనెక్షన్ల దగ్గర ఆగిపోతున్నాయి. జాగ్రత్తలన్నీ పుస్తకంలో అచ్చువేశారు కదా అంటారు. చదువురాని ఇల్లాలికి ఆ సన్నని అక్షరాలు ఎందుకు? పొదుపు సంఘం సమావేశంలో ఒక్క గంట, ఒక పాత పొయ్యిని విప్పి చూపితే చాలు. చేతుల్లో అందిన విద్య చేతుల్లోనే అందాలి.

ఇంకొక మాట. మట్టిపొయ్యిని ఆడవారే అలికారు గనుక దీన్నీ వారే కడగాలన్న నియమమేదీ లేదు. తినేవారందరి పొయ్యి అది. నెలకొక ఆదివారం మనం ఆ పని చేస్తే మన పాండిత్యానికి వచ్చే లోటేమీ లేదు.

గొట్టం మార్చి, బర్నర్లు బిగించి వెలిగించాను. నీలిమంట చూసి అమ్మ, “ఇంతేనా!” అంది. ఆ “ఇంతేనా” నన్నింకా గుచ్చుతూనే ఉంది. మిత్రులారా, ఇది చదివాక ఒకసారి లేచి, మీ వంటింటి గొట్టం మీది తేదీ చూసి రండి.